బుజ్జమ్మ సాకిన చెన్ని

నాకు కుక్కలంటే పడదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కాబట్టి ఇది కుక్క మీద ప్రేమతో రాస్తున్నది కాదు, మా పక్కింటి బుజ్జమ్మ కోసం రాస్తున్నది.

సోమలలో నా టైలరింగ్ కొట్టు పక్కనే ఆమె ఇల్లు. చాలాకాలం పరాయి చేలల్లో కూలికి పోయింది. ఇప్పుడు పాలకేంద్రంలో నెల జీతానికి పని చేస్తోంది. రైతులు తెచ్చిన పాలు కొలవడం, వెన్న శాతం చూడడం ఆమె ఉద్యోగం. సొంత పిల్లలు లేరు. చచ్చిపోయిన చెల్లెలి కూతురు మమతను పాలసీసా నాటినుంచి నర్సు ఉద్యోగం వచ్చేదాకా పెంచింది. తల్లి పోయిన దూడలను రైతులు తెచ్చి ఆమె వాకిట్లో కట్టేసి పోయేవారు. బతుకులో ఏం చేసినావమ్మా అని ఎవరడిగినా ఆమె దగ్గర ఒకటే జవాబు: "సాకినానప్పా." ఆ మాట అనేటప్పుడు మెడ కాస్త నిక్కేది. మీసాలుంటే మెలేసేదానివి అని నేను ఏడిపించేవాణ్ని.

మమత కుప్పంలో ఒక పెద్దాయన మిద్దె మీద అద్దెకుండేది. ఆయన కోలారు వైపు మనిషి, రైల్వేలో రిటైరై ఒంటరిగా ఉండేవాడు. ఇంట్లో కన్నడం తప్ప ఇంకో మాట లేదు. పోయిన వేసవిలో ఆయన కాలం చేశాడు. ఎన్నడూ తొంగిచూడని బంధువులు దిగి, మంచం, ఫ్రిజ్ వ్యాన్‌కెక్కించుకుని, కుక్కను మాత్రం గేటు బయట వదిలేసి పోయారు. వాళ్ల గురించి నాకు వచ్చిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ కుక్క గేటు దగ్గరే పడి ఉండడం చూసి తట్టుకోలేక, మమత ఆటో మాట్లాడి దాన్ని సోమలకు తెచ్చేసింది. పేరు చెన్ని.

మూతంతా నెరిసిపోయింది. కళ్లకు పొర కమ్మింది. లేవాలంటే వెనక కాళ్లు సహకరించవు.

"ఈ వయసు కుక్కను యాల తెచ్చినావు పాపా?" అన్నాను.

బుజ్జమ్మ నన్ను పక్కకు నెట్టి, దాన్ని దూడను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుకుంది. "ఉండనీప్పా. సిన్నవాటిని అందురూ సాకుతారు."

పుంగనూరు పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయంది. మాత్రలతో కొంతకాలం లాగవచ్చు, అయితే కడుపుకు తినాలి, తినకపోతే ఏ మందూ పని చేయదు అని చెప్పి పంపింది.

ఆనాటినుంచి బుజ్జమ్మకు అదే పని. ఉప్పు లేకుండా అన్నం మెత్తగా వండి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి, మాత్ర పొడి చేసి వేసేది. పళ్లెం ముందు చతికిలబడి, తల నిమురుతూ గారాబం చేసేది: "తిను తల్లీ. నేనుండా గదా. నేను సాకుతా నిన్ను."

చెన్ని రెండు ముద్దలు తినేది. తల ఎత్తేది. వెనక్కి జరిగి కూర్చునేది. నోట్లోంచి చొంగ కారుతుండేది, చూపు పళ్లెం మీదే ఉండేది, మూతి మాత్రం పెట్టేది కాదు.

"ముసలాయన మీద దిగులప్పా దీనికి," అనేది బుజ్జమ్మ. అది తినని కొద్దీ ఈమె ఇంకా దగ్గరికి జరిగి, ఇంకా ముద్దుగా అదే మాట చెప్పేది. డాక్టరమ్మ మాత్రలు మార్చింది, సెలైన్ ఎక్కించింది. మదనపల్లెకు తీసుకుపోయి రక్తపరీక్ష కూడా చేయించారు. చెన్ని డొక్కలు మాత్రం లోపలికి పోతూనే ఉన్నాయి.

ఒకనాడు ఆమె చౌడేపల్లెలో పెళ్లికి పోతూ అన్నం పెట్టమని నాకు అప్పజెప్పింది. నేను తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పళ్లెం దాని ముందుకు తోసి, ఒక్క మాట లేకుండా నిలబడ్డాను. పళ్లెం నాకి నాకి అద్దం చేసింది. సాయంత్రం ఈ సంగతి గొప్పగా చెప్పాను.

"నీకు కుక్కలంటే పడదు గదప్పా," అంది బుజ్జమ్మ.

"పడదు."

"నీ చేత తినిందే మరి." కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

దసరా సెలవుకు మమత వచ్చింది. పొద్దున్నే బుజ్జమ్మ పళ్లెం పెట్టి, అలవాటుగా, "తిను, నేను సాకుతా గదా" అంది. చెన్ని వెనక్కి జరిగింది. మమత పకపకా నవ్వింది. "అయ్యో అమ్మా! నువ్వు దాన్ని తినొద్దంటాండావు! ఆయప్ప దానికి అన్నం పెట్టి, ఇంక సాలనుకుంటే 'సాకు' అనేవాడు. కన్నడంలో సాకంటే సాలని. ఆ మాట ఇంటే సాలు, నిలిపేస్తుండె."

తల్లి మొహం చూశాక ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

బుజ్జమ్మ నిమరబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "అంటే అది ఆకలితోనే ఉండిందా ఇన్నినాళ్లూ? నేను దాని తల నిమురుతా, సాలు సాలు అంటా ఉంటినా?"



తినమనడానికి కన్నడంలో 'తిన్ను' అంటారని మమత నేర్పింది. మన మాటకే కాస్త ఒత్తు. బుజ్జమ్మ దూరంగా నిలబడి, ఆ ఒక్క మాట అని, కొంగు నోట్లో కుక్కుకునేది. చెన్ని తినేది, కొన్నాళ్లు కండ కూడా పట్టింది. కానీ మూత్రపిండాలు కోలుకోలేదు. తిన్నా తినకున్నా ఈ వయసులో అంతేనమ్మా అని డాక్టరమ్మ ఎంత చెప్పినా బుజ్జమ్మ నమ్మలేదు. "నా మొగం సూడలేక అట్లంటాండాది," అంది. కుక్కతో మాట్లాడడం పూర్తిగా మానేసింది. ఎవరో రైతు దూడను తెస్తే ఇంకెవరికైనా ఇచ్చుకో పొమ్మంది.

కార్తీకం వెళ్లే రోజుల్లో ఒక పొద్దున పాలకేంద్రం తలుపు తెరుచుకోలేదు. రైతులు క్యాన్లతో వచ్చి నన్నడిగారు. నేను పోయి చూస్తే బుజ్జమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఒళ్లో చెన్ని. ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

"పోవద్దు అని కన్నడంలో ఎట్లంటారప్పా?" అంది.

"నాకేం తెలుసమ్మా? నీకొచ్చింది ఏదో ఒకటి సెప్పు."

"వద్దప్పా. నేనొకటంటే అదేమనుకుంటాదో. మమతకు ఫోన్ సెయ్."

చేశాను. మమత డ్యూటీలో ఉంది, తీయలేదు. మళ్లీ చేశాను. ఈసారి తీసింది. విషయం చెప్పగానే ఏడుపు ఆపుకుంటూ, "హోగబేడ. హోగబేడ అనమనండి మామా," అంది.

మొదటిసారి ఫోన్ మోగుతుండగానే చెన్ని డొక్క కదలడం ఆగిపోయింది. నేను చూశాను. బుజ్జమ్మ చూడలేదు. దాని చెవి దగ్గరికి వంగి, తప్పు పలుకుతానేమోనన్న భయంతో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, "హోగబేడ తల్లీ, హోగబేడ" అంటూనే ఉంది.