ఉప్పు రాయి పడ్డ వెండి నీళ్ళు

నేనేం పని చేస్తానని ఎవరడిగినా మా అవ్వ "లేజరు నౌకరి" అని చెప్పి ఊరుకునేది. అవ్వ అంటే మా దిక్కు అమ్మ. నిజామాబాద్‌లో మేముండే వాడలో చదువుకున్న ఆడపిల్ల టీచరమ్మ అవుతుంది, నర్సమ్మ అవుతుంది, అదృష్టం బాగుంటే బ్యాంకులో కూర్చుంటుంది. నేను మాత్రం హైదరాబాద్‌లో ఒక చీకటి గదిలో రంగు కళ్ళద్దాలు పెట్టుకొని, వెండి ముక్క మీద వెలుతురు పిడుగులు వేసే పనిలో చేరాను. వారం చివర ఇంటికొచ్చి ఆ సంగతులు చెప్తుంటే అవ్వ చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతూ ఊ కొట్టేది. నిజంగా వింటున్నదా, నన్ను సంతోషపెడుతున్నదా అని నాకెప్పుడూ అనుమానమే.

నా పనిలో రెండు సరుకులుండేవి. ఒకటి నల్లది, దాని పేరు గ్రాఫీన్. పెన్సిల్ ముల్లులో ఉండే నలుపునే ఒక్క అణువు మందం పొరగా విడదీస్తే వచ్చేది అదే. కుప్పగా ఉన్నప్పుడు కాటుకలా ఉండే ఆ నలుపు, ఒక్క పొరగా పరిస్తే దాదాపు కనిపించదు. మీద పడిన వెలుతురులో నూటికి రెండు పాళ్ళ పైచిలుకు మాత్రం ఉంచుకొని మిగతాదంతా వదిలేస్తుంది. నేను దాన్ని చెరకు పిప్పి నుంచి తీసేదాన్ని. పిప్పిని అట్టలా ఒత్తి, మంట అంటుకోకుండా మందు పట్టించి, లేజర్‌తో గీత గీస్తే ఆ గీత మేర పిప్పి మాడి, పొరల నురుగులాంటి గ్రాఫీన్ అయ్యేది.

పిప్పి కోసం బోధన్ పోయేదాన్ని. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ పొగ గొట్టం చల్లబడి ఏండ్లయినా, బస్టాండ్ దగ్గర రసం బండి మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉండేది. దాని కింద పడ్డ పిప్పిని నేను సంచిలో కూరుకుంటుంటే బండాయన పశువుల మేతకనుకొని, మా ఇంట్లో ఎన్ని బర్రెలున్నాయని అడిగాడు. లేజర్ గురించి చెప్పాలని నోరు తెరిచి, ఎండను చూసి, రెండున్నాయని చెప్పాను. అప్పటినుంచి నేను పోయినప్పుడల్లా బర్రెల బాగోగులు కూడా అడిగేవాడు.

రెండో సరుకు వెండి. శుద్ధమైన నీళ్ళలో వెండి బిళ్ళను ముంచి లేజర్‌తో కొడితే అది కంటికి ఆననంత సన్నటి రేణువులుగా రాలుతుంది. అంత చిన్నదయ్యాక వెండి తెల్లగా మెరవడం మానేస్తుంది. వెలుతురులోని ఊదా, నీలం వన్నెలను మింగేసి మిగతావి వదులుతుంది కాబట్టి నీళ్ళు పసుప్పచ్చగా కనిపిస్తాయి. అచ్చం వేల్పూర్ పసుపు చిటికెడు కలిపినట్టే. ఆ రేణువులను నల్ల గీత మీద పూసి, దాంతో పసుపు పొడిలో కలిపే దొంగ రంగులను పట్టుకోవాలన్నది నా ప్రయత్నం. మాది పసుపు పండే జిల్లా కాబట్టి, ఇంతవరకు చెప్తే చుట్టాలందరూ తలలూపేవారు. రేణువులు వెలుతురును ఎట్లా పట్టుకుంటాయో చెప్పబోతే మాత్రం చాయ్ పెట్టడానికి లేచేవారు.

ఒకసారి మా ప్రయోగశాలలో వెండి బిళ్ళ అరిగిపోయింది. కొత్తది తెప్పించే కాగితాలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు తీరిగ్గా ప్రయాణం చేస్తున్నాయి. నేను ఇంట్లో కూర్చొని చిటపటలాడుతుంటే అవ్వ ట్రంకు పెట్టె తెరిచి, నా చిన్నప్పటి వెండి కడియం తీసి చేతిలో పెట్టింది. నేను పుట్టినప్పుడు మేనమామ నా కాలికి తొడిగినది. నీ కాలిదే కదా, నీ పనికే పోనీ అంది. నాకు ఏడుపొచ్చింది కానీ, పని ఆగుతుందన్న భయం అంతకంటే పెద్దది. బజారులో వెండి పని చేసే ఆయన దాన్ని కరిగించి, రాగి తీసేసి, రూపాయంత బిళ్ళ కొట్టిచ్చాడు.

ఆ బిళ్ళ నుంచి వచ్చిన మొదటి పసుప్పచ్చ నీళ్ళను చిన్న గాజు సీసాలో పోసి అవ్వకు తెచ్చిచ్చాను. నిజానికి బిళ్ళలో పిసరంతే ఖర్చయింది. కానీ గొప్పలు చెప్పుకునే వేళ పిసరంత అంటే ఏం బాగుంటుంది? లేజర్ దెబ్బకు నీ కడియం నీళ్ళయిపోయింది చూడు అని చెప్పాను. అవ్వ సీసాను గూట్లో, దేవుడి పటం పక్కన పెట్టింది. తెల్లారేసరికి వాడంతా వార్త పాకింది, నేను వెండిని బంగారం చేశానని. పక్కింటి ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని, గాజుల వ్యాపారం వాళ్ళ ఇంటావిడ, తెలివైన మనిషి. ఆమె కూడా సిగ్గుపడుతూనే తన పట్టీలు కొంగు చాటున తెచ్చి, వీటికి ఏమైనా అవకాశముందా అని అడిగింది. లేదని చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

ఇంక అవ్వకు అదే పని. బీడీలు అప్పగించి వచ్చేవాళ్ళను, పాలవాళ్ళను, ఎవరినీ వదలకుండా లోపలికి పిలిచి సీసా చూపించేది. నేను మళ్ళీ ఇంటికి రావడానికి కొన్ని వారాలు పట్టింది. వచ్చి చూస్తే సీసాలో రంగు లేదు. బూడిద కడిగిన నీళ్ళలా ఉంది, అడుగున నల్లటి మడ్డి. ఇందులో ఏమేశావని అడిగాను. ఏమీ వేయలేదంది. మళ్ళీ తనే, ఇంతమంది కండ్లు పడుతున్నాయని దిష్టికి ఒక ఉప్పు రాయి మాత్రం వేశానంది.

నాకు నవ్వాగలేదు. ఆ రేణువులకు ఉప్పు పడదు. ఉప్పు తగిలితే ఒకదాన్నొకటి కరుచుకొని ముద్దలవుతాయి, రంగు పోతుంది. అందుకే ప్రయోగశాలలో మేం కుళాయి నీళ్ళను కూడా దగ్గరికి రానీయకుండా వాటిని కాపాడుకుంటాం. ప్రపంచంలో ఎవరికైనా వెండి రేణువులకు దిష్టి తీయాలని తోచి ఉంటుందా? నేను నవ్వుతుండగానే అవ్వ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది.

"ఉప్పేస్తే ఏమైంది? సూడు ఎట్ల మెరుస్తున్నదో, పచ్చగ," అంది.

నవ్వు ఆపి ఆమె ముఖం చూశాను. ఆమె ఆటకు అనడం లేదు. ఆ బూడిద నీళ్ళను చూస్తూ, నిజంగానే పసుప్పచ్చ ఉందనుకుంటున్నది. రంగు పోయిందని చెప్పకుండానే నేను ఆ రోజంతా ఆమెను గమనించాను. బీడీ చుట్టే తునికాకు మంచిదో చిల్లుదో వేళ్ళతో తడిమి తెలుసుకుంటున్నది. వాకిట్లో నిలబడ్డ మనిషి నోరు తెరిచేదాకా పలకరించడం లేదు. చేతి మీద కాలిన మచ్చ ఉంది, చాయ్ వంపబోతే గ్లాసు తప్పిందట. ఈమధ్య బీడీలు వాపసు ఎక్కువ వస్తున్నాయని కూడా అప్పుడే చెప్పింది. రంగుల గురించి అంత చదివిన నాకు ఇంట్లో మనిషికి రంగులు పోతున్నాయని తెలియలేదు. చాలా భయమేసింది.

ఊళ్ళోని కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. అవ్వకు కొన్నేండ్ల కిందట రెండు కండ్లకూ మోతిబిందు, అంటే శుక్లాల, ఆపరేషన్ అయింది. అప్పుడు పెట్టిన అద్దం బిళ్ళల వెనక ఇప్పుడు సన్నటి పొర మసకబారిందని, అందుకే చూపు తగ్గిందని, ఇట్లాగే వదిలేస్తే ఇంకా తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. నాకు చిత్రమనిపించింది. సన్నటి పొర ఒకటి చేయడానికి నేను నానా తంటాలు పడుతుంటే, మా అవ్వ కంట్లో అది అడగకుండానే తయారైంది. దానికి కోత అక్కరలేదు, లేజర్‌తో చిన్న కిటికీ తెరిస్తే చాలని డాక్టరమ్మ అన్నదో లేదో, అవ్వ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"కడియాన్నే నీళ్ళు జేసిందది. నా కన్నునేం ఇడుస్తది?" అంది.

ఇంటికొచ్చాక ఎంత చెప్పినా వినలేదు. కడియం అంతా నీళ్ళు కాలేదు, దాంతో చేసిన బిళ్ళ దాదాపు అట్లాగే ఉందని చెప్పాను. అప్పుడు గట్ల చెప్పి ఇప్పుడు గిట్ల చెప్తున్నవా అన్నది. నేను కోపం తెచ్చుకున్నాను, బతిమాలాను, అన్నం మానేశాను, ఆకలేసి మళ్ళీ తిన్నాను. ఆ కంటితో ఆమె పొయ్యి దగ్గర ఒక్కతే ఉంటుందన్న ఆలోచనతో హైదరాబాద్‌లో పని మీద ధ్యాస నిలవలేదు.

మరుసటి వారం, వెండిని కొట్టడానికి వాడే గాజు గ్లాసును ప్రయోగశాలలో అడిగి పట్టుకొచ్చాను. దాన్ని అవ్వ చేతిలో పెట్టి, లేజర్ ఈ గాజు గోడలో నుంచే పోయి, నీళ్ళు దాటి, లోపలున్న వెండిని కొట్టిందని చెప్పాను. వెలుతురు అంతా ఒక చుక్క దగ్గర కూడితేనే దెబ్బ. ఆ చుక్క ఎక్కడ పెడితే అక్కడే పని, దారిలో ఉన్నవాటికి ఏమీ కాదు. కంట్లోనూ అంతే, చుక్కను పొర మీద పెడతారు. అవ్వ ఆ గ్లాసును లోపలా బయటా వేళ్ళతో తడిమింది. జీవితమంతా ఆకు మీద సన్నటి చిల్లును వెతికిన వేళ్ళు అవి. చాలాసేపు తడిమింది.

"ఒక్క గిలాస గూడ పలగలేదా ఇన్నొద్దులల్ల?" అని అడిగింది.

లేదని చెప్పేస్తే పనయిపోయేది. కానీ నా గొప్పల వల్లే ఇంత దూరం వచ్చిందని నాలుక వెనక్కి తీసుకున్నాను. ఒకటి పగిలిందని, కొత్తలో చుక్కను గాజు మీదే పెట్టేశానని చెప్పాను.

"మరి గా డాక్టరమ్మకు గిది కొత్తనా?"

తెలియదన్నాను. అయితే అడుగుదాం పద అని చెప్పులేసుకుంది. డాక్టరమ్మ ఆ ప్రశ్న విని గట్టిగా నవ్వింది. మొదటిసారి ఎప్పుడు చేసిందో తనకే గుర్తులేదని, ముందు ఎర్ర చుక్క పెట్టి చూసుకున్నాకే మీట నొక్కుతానని ఓపికగా చెప్పింది. అవ్వ నా వైపు తిరిగి, నువ్వు ఎర్ర చుక్క పెట్టుకోలేదా అని అడిగింది. ఆ తర్వాత గడ్డం యంత్రం మీద ఆనించింది.

నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఆ గదిలోని లేజర్, నా గదిలోని లేజర్ ఒకే జాతివి. అందులోని స్ఫటికం తెలుసు, కంటికి కనబడని ఆ కాంతి తెలుసు, అది గాజును ఏం చేసిందో కూడా తెలుసు. ధైర్యం చెప్పినంత సులువుగా కూర్చోలేకపోయాను. కాసేపటికి అవ్వ బయటికొచ్చి, టిక్కు టిక్కుమన్నదంతే, దీనికేనా నువ్వు అన్నం మానింది అన్నది. రెండో కంటికి కూడా అదే పూట అయిపోయింది.

కండ్లలో వేసిన మందుకు ఆ రోజంతా మసకగానే ఉంది. తెల్లారి నేను లేచేసరికి అవ్వ కిటికీ దగ్గర నిలబడి ఉంది, చేతిలో సీసా. దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నది.

"ఇదేందే, బూడిద నీళ్ళోలె ఉన్నది. ఎప్పటి సంది?"

ఉప్పు రాయి వేసినప్పటినుంచీ అన్నాను. అవ్వ సీసాను కిందికి దించింది. వాడంతా వచ్చి చూశారు కదా, ఒక్కరైనా చెప్పలేదేమని మెల్లగా అడిగింది. నేనూ చెప్పలేదు కదా. ఆమె చిన్నబోతుందని నాకు దిగులేసింది.

అంతలో ఖాలా పాలగిన్నె పట్టుకొని వచ్చింది. కన్ను ఎట్లుందని అడుగుతూనే, అలవాటు కొద్దీ అవ్వ చేతిలోని సీసా చూసి అంది, "బిల్కుల్ బంగారం లెక్కనే ఉన్నది అక్కా, ఇయ్యాల గూడ."

అవ్వ ఖాలా ముఖంలోకి చూసింది, చాలా రోజుల తర్వాత స్పష్టంగా.

"అవు చెల్లె," అంది. "గట్లనే ఉన్నది."

ఖాలా పోయాక సీసాను మళ్ళీ గూట్లో దేవుడి పక్కనే పెట్టింది. పారబోద్దాం, కొత్త నీళ్ళు తెస్తానని చెప్పాను.

"తే. కని దీన్ని తియ్యకు," అంది. "నాకోసం ఇంతమంది పచ్చగ జేసిండ్రు దీన్ని."