పెద్దబాపు చూపించిన పాలపిట్ట

దసరానాడు మా కరీంనగర్ అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంటే ఏ అంతస్తులో ఆగినా మటన్ కూర వాసనే. ఎల్లిపాయ, కాల్చిన కొబ్బరి కలిసి ముక్కుకు తగలగానే నాకు ఇప్పటికీ ఆకలికంటే ముందు భయం వేస్తుంది. జమ్మికుంట దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు దసరా సాయంత్రం పాలపిట్టను చూసి మొక్కనిదే ఇంట్లో కంచం పెట్టేవారు కాదు. ఆ పిట్టను చూపించే అధికారం మా పెద్దబాపుది, ఆయన మా నాన్నకు అన్న.

పెద్దబాపుకు తెలియని పిట్ట లేదని ఊరంతా నమ్మేది, అందరికంటే గట్టిగా ఆయనే నమ్మేవాడు. ఆయనది రంగుల శాస్త్రం. బావుల మీదికి వంగిన ఈతకమ్మలకు గూళ్లు వేలాడదీసే పసుపు పిట్ట గిజిగాడు, వరిమడిలో తెల్లగా నిలబడేది కొంగ, నీలంగా మెరిస్తే పాలపిట్ట. మిగిలినవాటి సంగతి అడిగితే, "గవన్నీ ఉత్త పిట్టలు బిడ్డా" అని తేల్చేసేవాడు.

ఎండకాలం సెలవుల్లో ఇచ్చోడలోని మా మేనత్త దగ్గర నాకు ఇంకో చదువు దొరికింది. అడవి అంచున తునికిపండ్లు ఏరుతూ, ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో, ఎట్లా కూర్చుంటుందో చూపించేది. "పాలపిట్ట కూసున్నప్పుడు మట్టిరంగే ఉంటది, రెక్క ఇప్పితెనే నీలం. నీళ్లకాడ పొడుగు ముక్కుతోని కూసునేది లకుముకి, చాపలు తింటది" అని చెప్పింది. నేను దాన్ని మనసులో పెట్టుకుని ఊరుకుంటే సరిపోయేది.

ఐదో తరగతిలో ఉండగా వచ్చిన దసరా. కొత్త బట్టలు గరగరలాడుతుండగా, డప్పుల వెనుక పత్తిచేన్లు దాటి కాలువ దాకా నడిచాం. పెద్దబాపు కర్ర ఎత్తి తీగమీది నీలంపిట్టను చూపించాడు. అందరూ చెప్పులు విడిచి మొక్కారు. "అది లకుముకి పిట్ట" అన్నాను, మెల్లగానే. అంతలో ఆ పిట్ట నీళ్లలోకి దూకి, చేపను పట్టుకొచ్చి, అందరి ముందే మింగింది.

డప్పు ఆగిపోయింది. "ఏండ్లసంది గీ కాలువకాడనే సూపిస్తున్నవు గదనే" అన్నాడు ఎదురింటి మల్లయ్య. ఆ తర్వాత ప్రతివాళ్లకూ తమ కష్టాలకు కారణం దొరికింది. ఒకరి బోరు ఎండిపోవడం, ఒకరి బర్రె చూడి నిలవకపోవడం, మల్లయ్య కొడుకు పదో తరగతి మూడుసార్లు తప్పడం, అన్నీ పెద్దబాపు నెత్తిన పడ్డాయి. ఆయన ముఖం చూస్తే నా నోటి మీద నాకే కోపం వచ్చింది. పొద్దు గుంకేలోపు నిజం పిట్ట కనబడకపోతే ఊరికి పస్తు, ఆయనకు పరువు నష్టం.

చివరికి నేనే వెతికాను. కోసిన మక్కజొన్న చేను నడుమ ఒక మోడు మీద మట్టిరంగు పిట్ట కూర్చుని ఉంది. చూపిస్తే మల్లయ్య నవ్వాడు. "గా బూడిద పిట్టనా? జర ఊకో పిల్లా."

పెద్దబాపు నా వైపు ఒక్కసారి చూసి, మట్టిగడ్డ తీసి మోడువైపు విసిరాడు. పిట్ట లేచింది. రెక్కలు విప్పగానే అంత నీలం ఎక్కడినుంచి వచ్చిందో, మొక్కడం కూడా మరచి నిలబడిపోయాం. "నేను సూపియ్యలే?" అన్నాడు పెద్దబాపు మీసం దువ్వుతూ. గడ్డ విసిరింది ఆయనే కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు ఆ చేన్లలో ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. పిట్ట వాలే మోడు లేదు, వాలడానికి పిట్టా లేదు. పోయిన దసరాకు ఎవరో పాలపిట్టను పంజరంలో తెచ్చి జమ్మికుంట బస్టాండు దగ్గర పెడితే జనం వరుస కట్టారు. చూపు సన్నగిల్లిన పెద్దబాపును నేనే తీసుకుపోయాను. పిట్ట రెక్కలు దారంతో కట్టేసి ఉన్నాయి. ఆయన పంజరానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు.

"గిది పాలపిట్ట కాదు."

"అదే, పెద్దబాపూ."

"ఎగురనియ్యుమను. అప్పుడు మొక్కుత" అని, వెనుక వరుసంతా విసుక్కుంటున్నా కదలకుండా, చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.