మజీద్ భాయ్ దుకాణంలో సగం గడ్డాలు

“ఆగు మౌళీ, తల కదపకు. కదిపితే తెగుతది. తెగితే మజీద్‌కు చెయ్యి వణుకుతున్నదని ఊరంత చెప్తవు. ఇప్పుడు చెప్పు, గంజాయి తాగేటోడు దొంగనా, రోగినా?”

కత్తి చంద్రమౌళి గొంతు మీద ఉంది. అలాంటప్పుడు మనిషి ఎదుటివాడికి నచ్చే జవాబే వెతుక్కుంటాడు.

“రోగి,” అన్నాడు చంద్రమౌళి.

“రోగి అయితే వాని ఇంటికి డాక్టర్ రావాలె గద? పోలీసోళ్ళెందుకొస్తరు?”

“అయితే దొంగ అనుకో.”

“దొంగనా? ఎవరిది దొంగిలించిండు? వాని పానం వాడే దొంగిలించుకున్నడా? అరె, ఇరవై రెండేండ్ల సంది రైల్వేల పని చేస్తున్నవు, గింత తెల్వదా నీకు?”

కత్తి గొంతు వదిలి గాల్లోకి లేచింది. అది లేచిందంటే ఇక ఆ పూట గడ్డం సంగతి మరిచిపోవలసిందే. డోర్నకల్ స్టేషన్ రోడ్డులో మంగలి మజీద్ భాయ్‌కి ఉన్న జబ్బు అదొక్కటే. వాదం ఒడవనిదే ఆయన చేతిలో గడ్డం ఒడవదు. వాదం ఎన్నడూ ఒడవదు కాబట్టి గడ్డాలు సగంలోనే నిలిచిపోతాయని ఊరి మాట.

ఒకసారి గూడ్స్ గార్డు ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. బెల్టు షాపు బడి పక్కన ఉండొచ్చా లేదా అన్న దాని మీద మజీద్ భాయ్ మాట్లాడుతుండగానే బండికి సిగ్నల్ పడింది. గార్డు నురగతోనే పరుగెత్తి బండెక్కాడు. దారిలో ప్రతి స్టేషన్‌లోనూ జనం ఆయన ఎర్ర జెండాను వదిలేసి తెల్ల చెంపనే చూశారట. ఇంకొకతను పాలకుర్తిలో పిల్లను చూడడానికి వెళ్తూ మధ్యలో ఇక్కడ దిగాడు. అతడి మీసం ఎడమ భాగం తీసి కుడి భాగం దగ్గరికి వచ్చేసరికి, చట్టం పేదవాడికి ఒకలాగా ఉన్నవాడికి ఒకలాగా ఎందుకుంటుందో మజీద్ భాయ్‌కి గుర్తొచ్చింది. పిల్ల తరఫువాళ్ళు ఆ సంబంధాన్ని ఒప్పుకున్నారని కొందరు, తరిమారని కొందరు చెబుతారు. మీసం మాత్రం ఎవరూ చూడలేదు.

రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ చంద్రమౌళి ఏడో తరగతితో చదువు ఆపినవాడు. పల్లీల పొట్లం విప్పితే ముందు పల్లీలు తినడు, కాగితం చదువుతాడు. వినడమంటే అతనికి తిండి కన్నా ఇష్టం. డ్యూటీ లేని రోజు గడ్డం పెరగకపోయినా వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు.

అతడు గమనించిన సంగతి ఒకటుంది. ఇరవై రెండేళ్ళుగా మజీద్ భాయ్ వాదించినా, తిట్టినా, చివరికి ఎలాగో గడ్డం పూర్తిచేసి పంపేవాడు. ఆ గార్డు, ఆ పెళ్ళికొడుకు అరుదు. ఈ నెల రోజుల్లో మాత్రం జబ్బు బాగా ముదిరింది. వారానికి ఇద్దరు ముగ్గురు సగం ముఖాలతో బయటికి వస్తున్నారు. ఆటో నడిపే లంబాడి కుర్రాడు దినేశ్ అయితే నెల పైనుంచి ఎడమ చెంప నున్నగా, కుడి చెంప గుబురుగా తిరుగుతున్నాడు. ఎవరైనా అడిగితే, “మజీద్ మామూతోటి పంచాయితీ తెగలేదన్న,” అంటాడు. అందరూ నవ్వి, “ముసలాయనకు మతి పోయింది,” అంటారు. ఆరేళ్ళ కిందట కూడా ఒకసారి ఇలాగే ముదిరి, దానంతట అదే తగ్గింది. అప్పుడు మజీద్ భాయ్ కొడుకు యాసర్ కూడా సగం గడ్డంతో తిరిగాడు. ఇప్పుడు ఆ యాసర్ రెండో కుర్చీ దగ్గర నిలబడి, తండ్రి అరుస్తున్నంతసేపూ గుటక కూడా చప్పుడు కాకుండా మింగుతాడు.

ఆ రోజు మంగళవారం. మిగిలిన మంగలి దుకాణాలన్నీ మూత. ఊరు మొత్తానికి తెరిచి ఉండేది మజీద్ భాయ్ దుకాణం ఒక్కటే. ఈ సంగతి మరిచిపోయి మంగళవారం సాయంత్రానికి ఫోటో పెట్టుకున్నవాడు అరుణ్ సార్.

అరుణ్ సార్ ప్రైవేటు బడి కరస్పాండెంటు, గంజాయి నిర్మూలన కమిటీకి అధ్యక్షుడు. ఆరింటికి చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ ఆవిష్కరణ. దాని మీద గంజాయి తాగేవాళ్ళ పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్ళు, దొరికినవారి ఫోటోలు ఉంటాయి. జాబితా కింద సాక్షి సంతకం కావాలి. సాయంత్రం పాసింజర్ వచ్చే వేళకు ప్లాట్‌ఫారం చివర నీళ్ళ ట్యాంకు దగ్గర ఎవరెవరు చేరతారో కళ్ళారా చూసేవాడు చంద్రమౌళి. అందుకే ఆ కాగితం పొద్దుటి నుంచి అతని జేబులో ఉంది. సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. పెట్టకపోవడానికి కారణమూ దొరకలేదు. చూసింది అబద్ధం కాదు కదా.

“భాయ్, జల్దీ చెయ్. వాదం గీదం ఏం వద్దు,” అంటూ అరుణ్ సార్ లోపలికి వచ్చాడు. “మంగళవారం గడ్డమేందని ఇంట్ల ఒకటే లొల్లి. ఫోటో ఉంది కాబట్టి వచ్చిన.”

“అల్లా ఖసమ్, నోరు తెరవ,” అన్నాడు మజీద్ భాయ్. చంద్రమౌళిని నురగతో సహా లేపి బల్ల మీద కూర్చోబెట్టాడు. అప్పటికే ఆ బల్ల మీద దినేశ్ ఫోన్ చూసుకుంటున్నాడు.

మజీద్ భాయ్ మాట నిలబెట్టుకున్నాడు. ఎడమ చెంప మొత్తం మౌనంగా గీశాడు. యాసర్ కంగారుపడి తండ్రికి ఒంట్లో బాగుందా అన్నట్టు చూశాడు.

నోరు తెరిచింది అరుణ్ సారే. “మౌళీ, సంతకం అయ్యిందా? ఏది, ఒకసారి చదువు. తప్పులుంటే మళ్ళ బాగుండదు.”

చంద్రమౌళి కాగితం తీసి చదివాడు. ఆరు పేర్లయ్యాయి. “ఏడు. దినేశ్, తండ్రి దేవ్యా…” అని ఆగిపోయాడు. పక్కన ఫోన్ పట్టుకున్న చెయ్యి కూడా ఆగింది.

కత్తి గాల్లోకి లేచింది.

“భాయ్, వద్దన్న గద!”

“నేనేం అనలేదు సార్. ఒక్కటే అడుగుత. గీ బోర్డు ఎందుకు?”

“సిగ్గు రావాలె అని! మా బడిల తొమ్మిదో తరగతి పోరని బ్యాగుల పొట్లం దొరికింది తెలుసా? వాళ్ళ అమ్మ నా కాళ్ళ మీద పడ్డది. నేను ఊకోవాల్నా?”

“ఊకోకు! ఎవడు ఊకొమ్మన్నడు? అమ్మినోన్ని పట్టు. వాని ఫోటో ఏది నీ ఫ్లెక్సీ మీద?”

“వాడు దొరకలే.”

“దొరకడు! పాసింజర్‌ల దిగుతడు, పొట్లాలు పంచుతడు, అదే బండెక్కి పోతడు. వాడు పోయినంక, వానికి కాళ్ళు చేతులు అమ్ముకున్నోన్ని పట్టుకొచ్చి నడి బజార్ల కట్టేస్తరు. బెల్టు షాపుల తాగి పడిపోయినోన్ని ఇంటికి మోసుకపోయి మజ్జిగ పోస్తరు. గది మర్యాద. వీడు ఇంకోటి తాగిండు గాబట్టి వీనికి ఫ్లెక్సీ. మీ కమిటీల ఎందరు తాగుతరో చెప్పాల్నా? ఎవరి పొద్దుటి వాసన ఏందో మంగలోనికి తెల్వదా? మూతి దగ్గర మూతి పెట్టి పని చేసేటోన్ని!”

అరుణ్ సార్ లేవబోయాడు. కత్తి మళ్ళీ చెంప దగ్గరికి వచ్చింది. కూర్చున్నాడు.

“చట్టం ఉంది భాయ్! చట్టం తప్పంటవా?”

“చట్టం చదివినవా?” మజీద్ భాయ్ అద్దం మూలకు అంటించిన పసుపుపచ్చ పేపరు ముక్కను వేలితో పొడిచాడు. నూనె చేతులు తగిలి తగిలి అది అప్పడంలా ఉంది. “నేను చదివిన. మత్తుమందుల చట్టం, అరవై నాలుగు ఏ. తాగేటోడు తనంతట తాను దవాఖానకు పోయి, చివరిదాక మందు తీసుకుంటే వాని మీద కేసు నడవది. చట్టానికే గంత రహం, గంత దయ ఉన్నది. మీకు లేదు! నీ బోర్డు మీద బొమ్మ పడ్డోడు దవాఖానకు పోతడా, ఊరు ఇడిసి పోతడా? చెప్పు!”

“గవన్నీ పేపర్ల మాటలు. ఎవడు పోతున్నడు దవాఖానకు? ఒక్కన్ని చూపించు.”

మజీద్ భాయ్ నోరు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఒకరు ప్రశ్న వేస్తే ఆయన జవాబు చెప్పకపోవడం చంద్రమౌళి చూడడం అదే మొదలు. ఆయన బల్ల వైపు చూడనైనా చూడలేదు. ఒక మాట చెబితే గెలిచే వాదాన్ని పళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు.

“నేను పోతున్న సార్,” అన్నాడు బల్ల మీది నుంచి దినేశ్. “ఏడో నంబరు నేనే. ప్రతి బేస్తారం మానుకోట దవాఖానకు పోతున్న. ముప్పై రెండు దినాలైంది.”

అరుణ్ సార్ అద్దంలోంచి చూశాడు. అద్దంలో రెండు సగం ముఖాలు పక్కపక్కన కనిపించాయి.

“మరి గా గడ్డమేంది?”

“నేనే అడిగిన,” అన్నాడు దినేశ్. “పాసింజర్ కూత పెడితే కాళ్ళు ఆగకపోతుండె సార్. దవాఖానల డాక్టరమ్మ మందు ఇచ్చింది, కాళ్ళకు మందు ఎవరిస్తరు? మామూ దగ్గరికొచ్చి, నన్ను కుర్చీకి కట్టెయ్యమన్న. తాడు దేనికిరా అని సగం గీసిండు. గీ మొఖంతోటి ట్యాంకు దగ్గరికి పోతే ప్లాట్‌ఫారం మొత్తం నన్నే చూస్తది. అందరు చూసేటోని దగ్గరికి అమ్మేటోడు రాడు. ఒకసారి పోయిన సార్, అబద్ధం ఎందుకు. వాడు నన్ను చూసి ఉరికిండు.”

యాసర్ ఫక్కున నవ్వాడు. “నన్ను చూసి కూడా గట్లనే ఉరికిండు,” అన్నాడు. ఆరేళ్ళుగా ఆ దుకాణంలో అతడు కస్టమర్ల ముందు ఆడిన మొదటి మాట అదే కావచ్చు.

ఆరేళ్ళ కిందటి యాసర్ సగం గడ్డంతో సహా చంద్రమౌళికి లెక్క అప్పుడు కలిసింది.

అరుణ్ సార్‌కు కోపం కొత్త దారి పట్టింది. “అయితే నువ్వు చేసింది ఏంది భాయ్? నా ఫ్లెక్సీ తప్పు, నీ సగం గడ్డం ఒప్పా? నువ్వు కూడ వాన్ని ఊర్ల నవ్వులపాలే చేసినవు!”

“వాన్నా?” మజీద్ భాయ్ గట్టిగా అరిచాడు. ఎదురు టీ కొట్టులో గ్లాసులు కడుగుతున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. “వాన్ని చూసి ఒక్కడన్న నవ్విండా? ఒక్కడే సగం గడ్డంతోటి తిరిగితే, వీనికి ఏమైందని అడుగుతరు. పది మంది తిరిగితే, మజీద్‌కు ఏమైందని అడుగుతరు. నవ్వులపాలు అయ్యింది నేను! నా గిరాకీ సగం పోయింది. మా ఆమె ఖమర్ బీ నన్ను తాయెత్తు కట్టించుకోమంటున్నది. మొన్న మసీదుల ఒకాయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఊదిండు! వాని నలభై దినాలకు ఇంక ఎనిమిది దినాలు ఉన్నది. ఎనిమిది దినాలు నన్ను పిచ్చోన్ని కానియ్యండి, తర్వాత అందరికి ఫుకట్‌ల గీస్త!”

అరుణ్ సార్ అద్దంలో తన ముఖాన్ని కుడి నుంచి, ఎడమ నుంచి చూసుకున్నాడు.

“మిగిలింది గీయ్. ఫోటో ఉంది.”

“ఫ్లెక్సీ ఆపుతవా?”

“అది కమిటీ నిర్ణయం.”

“ఇది నా కత్తి నిర్ణయం.”

“యాసర్, నువ్వన్న గీయ్ బాబూ!”

“మా అబ్బా ఇడిసిపెట్టిన మొఖం నేను ముట్టుకోను సార్,” అన్నాడు యాసర్ వినయంగా. “దుకాణం కాయిదా.”

మెడకున్న గుడ్డ లాగి పారేసి, జేబు రుమాలు కుడి చెంపకు అడ్డం పెట్టుకుని అరుణ్ సార్ గుమ్మం దాకా వెళ్ళాడు. పన్ను నొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు. బయట బజారును చూసి ఆగాడు. ఆ బజారులోంచి చౌరస్తా దాకా నడవాలి. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“దినేశ్, దవాఖానకు ఏ దినమన్నవు?”

“బేస్తారం సార్. పొద్దుగాల ఎనిమిదింటికి ఆటో తీస్త.”

“మా బడి పోరన్ని, వాళ్ళ అమ్మను తీసుకొస్త. ఆటోల జాగ ఉంచు.” గొంతు ఇంకా కోపంగానే ఉంది. “ఫోటో ఇయ్యాల లేదని చెప్త. తర్వాత చూద్దాం. మౌళీ, ఆ కాగితం సంగతి నీ ఇష్టం.”

రుమాలుతోనే బజారులోకి దిగాడు. పది అడుగుల్లోనే ఎవరో, “సార్‌ను కూడ మజీద్ భాయ్ ఇడిసిపెట్టలేదురో!” అని కేక వేశారు. మజీద్ భాయ్ ముఖం వెలిగిపోయింది.

“తొమ్మిదో మనిషి,” అన్నాడు. “పెద్ద మనిషి కూడ. ఒక్కడు పది మంది పెట్టు. రా మౌళీ, కూసో.”

చంద్రమౌళి ముఖం మీద నురగ ఎండి పెచ్చులు కట్టింది. కుర్చీలో కూర్చుని, చేతిలోని జాబితాను మడత విప్పి, మజీద్ భాయ్ కత్తి తుడుచుకునే పేపరు ముక్క తీసేసి, దాని చోట తన భుజం మీద పరిచాడు. మజీద్ భాయ్ ఒక క్షణం చూశాడు. కొత్తగా నురగ పెట్టి, ఎడమ చెంప మీద ఒక గీత గీసి, కత్తిని కాగితానికి తుడిచాడు. ఒకటో పేరు మునిగింది. ఇంకో గీత. నాలుగో పేరు. ఏడో పేరు దగ్గర అవసరానికి మించి రెండుసార్లు తుడిచాడు.

దూరంగా పాసింజర్ కూత వినపడింది. దినేశ్ బల్ల మీది నుంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. యాసర్ వెళ్ళి అతని పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే ఫోన్‌లోకి చూడసాగారు.

ఎడమ చెంప అయిపోయింది. మజీద్ భాయ్ కత్తి మూసి, గుడ్డ దులిపాడు.

“ఇంకో పక్క?” అన్నాడు చంద్రమౌళి.

“ఇంకో పక్క ఎనిమిది దినాలకు.”

“రేపు డ్యూటీ ఉంది భాయ్!”

“మంచిదే గద! బండ్లన్నీ చూస్తయి.” మజీద్ భాయ్ అతన్ని భుజం పట్టి లేపి, గుమ్మం దాటించి, చెవి దగ్గరికి వంగాడు. “ఒక పని చెయ్ నాయినా. ఇంటికి చౌరస్తా మీది నుంచి పోకు. ప్లాట్‌ఫారం మీది నుంచి, ట్యాంకు పక్కనుంచి, మెల్లగ నడుచుకుంట పో. ఎవరన్న అడిగితే నన్ను తిట్టు. జర గట్టిగ తిట్టు.”