అటక మీద అతుకు

మా ఇంట్లో బెల్లం అటక మీదే ఉండేది. బుచ్చయ్యపేటలో మా చెరకు ఆడిన బెల్లమే. ఏడాదికి సరిపడా దిమ్మలు ఎండుగడ్డిలో చుట్టి పైకి ఎక్కించడం నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ చేస్తున్న పని. ఎలుకలు వస్తున్నాయి, దించెయ్యమని కొడుకు రెండుసార్లు అన్నాడు. నా ఇంట్లో ఎలుకల్లేవని రెండుసార్లూ చెప్పాను.

అప్పటికి మేము అనకాపల్లిలో ఉంటున్నాం. కొడుకు పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీసేవాడు. వీధిగదిలో అతని కంప్యూటరు, వెనకగదిలో కోడలిది. అతను వీడియో తయారుచేసి పంపిస్తే కోడలు సీడీలకు ఎక్కించేది, ఆ పని చేసే పరికరం ఆమె కంప్యూటరుకే ఉండేది. అది కాక పెళ్లి ఆల్బముల పేజీలన్నీ ఆమే కూర్చేది. పూల అంచులు, తోరణాలు, చర్చి పెళ్లిళ్లకైతే పావురాలు, కొవ్వొత్తులు. ఏడాదిపాటు ఒక్కొక్కటే తయారుచేసి తన కంప్యూటర్లో దాచుకుంది. ఆ పేజీల కోసమే మా దగ్గరకు వచ్చేవాళ్లుండేవారు.

రెండు కంప్యూటర్లనూ కలుపుతూ ఒక నీలం వైరు ఉండేది. దాన్ని అటక మీదుగా వేశారు.

ఒకరోజు వాళ్లిద్దరూ రోలుగుంటలో పెళ్లికి వెళ్లారు. అటక దులుపుదామని ఎక్కితే వైరు రెండు ముక్కలై ఉంది. పక్కనే ఎలుక పెంటికలు. కొడుకు చూస్తే ఏమంటాడో నాకు తెలుసు. బెల్లం దించాలి, ఎలుకల్లేవన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఈ మాత్రానికి కొత్త వైరు కూడా ఎందుకు అనుకున్నాను.

కత్తెర తెచ్చి కొరికిన కొసలు కోసేశాను. లోపల ఎనిమిది సన్నటి తీగలు, రెండేసి చొప్పున మెలిపెట్టి ఉన్నాయి. మా ఆయన పొలంలో మోటారు వైర్లు అతికేటప్పుడు కొసలు పట్టుకున్నది నేనే కాబట్టి ఆ పని నాకు కొత్త కాదు. జానెడు పొడవున మెలికలన్నీ విప్పి, తీగలు తిన్నగా సాగదీసి, రంగుకు రంగు చుట్టి, ఫ్యానుకు వాడగా మిగిలిన టేపు వేశాను. వాళ్లు వచ్చి కంప్యూటర్లు పెడితే వైరు గుచ్చిన చోట పచ్చలైటు వెలిగింది. ఫొటోలు వెళ్లాయి. నేను నోరు మెదపలేదు.

ఆ తర్వాతే నెమ్మదించడం మొదలైంది. చిన్న ఫొటో అయితే వెళ్లేది. పెద్దది పంపితే తెర మీద గీత కదిలేది కాదు. ఏమైందో అని కొడుకు తల పట్టుకుంటుంటే, కోడలు తన దాంట్లో పాటల సీడీలు పెడుతోంది, వాటితో వైరస్ ఏదో వచ్చిందేమోనని అన్నది నేనే. అనేశాక ఆ మాట వాడి బుర్రలో నాటుకుపోయింది.

ఒక చర్చి పెళ్లి వీడియో ఇవ్వాల్సిన రోజు వచ్చింది. పెళ్లివారు నాలుగింటికి వచ్చి సీడీలు తీసుకుని, అటునుంచి అటే రైలెక్కుతారు. పొద్దున్న పంపడం మొదలుపెడితే నలభై నిమిషాలని చూపించింది. కాసేపటికి మూడు గంటలంది. తర్వాత పదకొండు గంటలంది. కొడుకు రెండింటినీ ఆపి మళ్లీ పెట్టాడు. తన కంప్యూటరు పక్కన వైర్లు గుచ్చే డబ్బాలో వైరును ఇంకో కన్నంలోకి మార్చాడు. వైరస్ వెతికే సీడీ వేశాడు. ఏదీ పనిచెయ్యలేదు. తన దాంట్లో తన పని స్పీడుగానే అవుతోందని కోడలు చెప్పి చూసింది. వాడు వినలేదు. మెకానిక్‌కు ఫోన్ చేసి, ఆమె కంప్యూటరు ఫార్మాట్ చేసెయ్యమన్నాడు.

మెకానిక్ పన్నెండు దాటాక వచ్చాడు. నేను చేటతో బియ్యం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఫార్మాటంటే ఏటి బాబూ?"

"అన్నీ తుడిసేసి మళ్లీ కొత్తగా ఎక్కించడమండి మామ్మగారూ."

"అన్నీ అంటే?"

"ఇందులో ఏటుంటే అదేనండి."

పేజీలు సీడీలకు ఎక్కించుకుంటాను, రెండు గంటలు టైమివ్వండని కోడలు అడిగింది.

"రెండు గంటలుంటే ఈయన్నెందుకు పిలుత్తాను? పేజీలు మళ్లీ సేసుకో," అన్నాడు కొడుకు.

ఆమె కుర్చీలోంచి లేచి, దాని వెనక నిలబడి, రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది. మెకానిక్ సీడీ తోశాడు. తెర నీలంగా మారి ఏదో అడిగింది. అతను బటన్ మీద వేలు పెట్టి మా వాడి వైపు చూశాడు. చేటలో బియ్యం ఒక పక్కకు జారిపోతున్నాయి. చేట గుమ్మంలో దించి లోపలికి వెళ్లాను.

"నొక్కకు బాబూ. ముందు అటకెక్కి వైరు సూడు."

"వైరుకేటయిందే అమ్మా? లైటెలుగుతోంది కదా," అన్నాడు కొడుకు.

"ఎలుగుతాది. తెగితే నేనే అతికేను."

మెకానిక్ నిచ్చెనెక్కి, టేపు విప్పి చూశాడు.

"రంగుకి రంగు బాగానే కలిపేరండి. మెలికలు ఇప్పేసేరు, అదే దెబ్బ. మెలికుంటేనే ఒక తీగ గోల ఇంకోదానికి అంటదు. ఇప్పుడు పంపిన దాంట్లో సగం ఇక్కడ పాడైపోతంది. మళ్లీ పంపుతంది, మళ్లీ పోతంది."

అతని సంచిలో వైరుచుట్ట ఉంది. గదిలోంచి గదికి నేల మీదే పరిచి రెండు వైపులా గుచ్చాడు. కొడుకు వీడియో మళ్లీ మొదటి నుంచి పంపాడు. నేను అన్నం వార్చి వచ్చేసరికి మొత్తం వెళ్లిపోయింది.

"ఎలకల్లేవన్నావు. మరి కొరికిందెవరే, నువ్వా?" అన్నాడు కొడుకు, నా వైపు చూడకుండా.

నేను చెప్పాల్సింది కోడలికి. కొడుకూ మెకానిక్కూ వినేలాగే చెప్పాను.

"పాటల సీడీలని పుల్ల పెట్టిందీ నేనే. తప్పు నాది."

ఆమె కుర్చీలో కూర్చుని, పెళ్లి వీడియో కంటే ముందు తన పేజీలు తెరిచింది. పావురాలు, తోరణాలు, కొవ్వొత్తులు ఒక్కొక్కటీ చూసుకుంది. అప్పుడు సీడీ పెట్టింది. పెళ్లివారు వచ్చేసరికి ఆఖరి సీడీ ఇంకా తిరుగుతోంది. వాళ్లను కూర్చోబెట్టి నేనే టీ ఇచ్చాను.

మర్నాడు బెల్లం దించాను. కోడలు నిచ్చెన పట్టుకుంది. దిమ్మలన్నీ మూతున్న ఇనపడ్రమ్ములోకి చేరాక అంది:

"ఇంకోసారి ఏదన్నా తెగితే ముందు నాకు సెప్పు అత్తా."

సరేనన్నాను.

ఆ నీలం వైరును వాళ్లు బయట పడేస్తే తెచ్చి ఆనపపాదుకు ఆసరాగా కట్టాను. అతుకున్న చోట మాత్రం కాయ బరువు పడకుండా చూసుకున్నాను.