పంచలో పన్నెండు రోజులు

మొన్న పటమటలో మా మనవరాలికి తోడుగా ఆసుపత్రికి వెళ్లినప్పుడు, పిల్లలు అప్పుడే వద్దనుకుంటే ఏ పద్ధతి వాడాలో ఒక చిన్న నర్సు దాని కళ్లలోకి చూస్తూ, నవ్వుతూ చెబుతుంటే నాకెంతో ముచ్చటేసింది. డెబ్బైలలో, హనుమాన్ జంక్షన్‌కి దగ్గర్లో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో అదే పనిలో చేరిన నేను, ఆ మాటలు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఎదుటి మనిషిని కాక గోడనున్న క్యాలెండరును చూస్తూ చెప్పేదాన్ని.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. రిజిస్టరు కింద లైబ్రరీ పుస్తకం దాచుకుని చదవడం, ఇంటికెళ్లి డైరీ రాసుకోవడం తప్ప మనుషులతో మాట్లాడటం తెలియదు. ఆదివారం చర్చిలో పాటలెత్తుకునే గొంతుతోనే నిరోధ్‌ల గురించీ చెప్పగల మా పెద్ద సిస్టరు గారు, "నీ సిగ్గుతో జిల్లా జనాభా పెరిగిపోయేట్టుందే అమ్మాయ్" అని ఆటపట్టించేవారు.

ఒకరోజు పక్క ఊరి రైతుల కోడలు భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. నా ఈడుదే, అప్పటికే ముగ్గురు పిల్లలు. ఆఖరి కాన్పులో రక్తం బాగా పోయి, వెంటనే మళ్లీ కడుపొస్తే ప్రాణానికే ముప్పని చెప్పారట. ఆపరేషనైతే పడుకోవాలి, మాత్రలైతే రోజూ మింగాలి, ఎలాగైనా అత్తగారి కంటబడుతుంది. ఆవిడకు తెలియనిదేదైనా కావాలని చెంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. గర్భసంచి లోపలుండేది గనుక లూపే నయమని పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పి, కొందరికి ముట్టులో రక్తస్రావం ఎక్కువై రోజులూ పెరుగుతాయన్న ముక్క మాత్రం ఆమె భర్త ఎదుట పలకలేక మింగేశాను. అన్నీ చెప్పావా అని డాక్టరమ్మ గారు అడిగితే తలూపాను కూడా. ఆవిడ లూపు వేసి పంపారు.

ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ముట్టయితే పంచలో వేరే చాప, వేరే కంచం అని మీకూ తెలుసు కదా. ఆ సంగతే నాకు తట్టలేదు. కొన్ని వారాలకు అత్తగారే ఆ అమ్మాయి రెక్క పట్టుకుని బస్సు దిగారు. నేను బీరువా చాటుకు వెళ్లబోయి సిస్టరు గారి కంటబడి ఆగిపోయాను.

"ఏవమ్మా నర్సమ్మా, నాలుగో రోజున తలారా పోసుకుని లోపలికొచ్చే పిల్ల, పన్నెండు రోజులైనా పంచ వదల్లేదు. మొహం చూడు, సున్నం కొట్టినట్టు లేదూ? ఇదేమో నోరిప్పదు!"

చెప్పడం నా హక్కు కాదు, చెప్పకుండా ఉండటమూ భయమే. చివరికి ఆ పిల్లే ఏడుస్తూ అంతా చెప్పేసింది. ఇక తిట్లు మొదలవుతాయని తల దించుకున్నాను.

"ఓసి పిచ్చిమొహమా, చెబితే కొరుక్కుతింటానా? తొమ్మిదిమందిని కని నలుగుర్ని దక్కించుకున్నదాన్ని, నాకు తెలీదటే!" అని కోడల్ని కసిరి, నా వైపు తిరిగి, "అది తీసేసి ఇంకోటి చూడండమ్మా. పంచలో కూర్చోబెట్టేది మాకొద్దు, వంట చేయలేక నా నడుం పడిపోయింది" అన్నారు. సిస్టరు గారు పగలబడి నవ్వారు.

డాక్టరమ్మ గారు లూపు తీసి, రక్తం పట్టడానికి మందు రాశారు. చంటిది పాలు మానేసింది గనుక మాత్రలిద్దామన్నారు. వాటి గురించి మాత్రం మొదట్లో వచ్చే వికారం నుంచి, ఒకరోజు మరిచిపోతే ఏం చేయాలన్నదాని దాకా, ఒక్క ముక్క మింగకుండా తలెత్తి చెప్పాను. రోజూ గుర్తుచేసే పని అత్తగారే పుచ్చుకున్నారు. ఆ తరువాత ఎవరొచ్చినా, ముట్టు రోజుల్లో మీ ఇంట్లో దూరం కూర్చుంటారా అన్నదే నా మొదటి ప్రశ్న.

ఇప్పుడు మన ఇళ్లలో పంచలే లేవు, ఆ చాపా కంచమూ పోయాయి. పోవాల్సినవే. అయితే, ఎవరికి తెలియకూడదని ఆ పిల్ల అంత భయపడిందో ఆవిడే రోజులు లెక్కపెట్టి బస్సెక్కించకపోతే, నా మొహమాటానికి ఆమె ఏమైపోయేదో! ఈనాడు ఎవరి గది వాళ్లది, ఎవరి తలుపు వాళ్లది. ఇంట్లో ఒక ఆడపిల్ల పన్నెండు రోజులుగా పాలిపోయి తిరుగుతోందని కనిపెట్టడానికి మనకెన్నాళ్లు పడుతుందో ఏమో.