కొసరు లేని అంగడి

కొలతలో నిష్ఠ లేని చోట న్యాయం నిలవదని పిల్లలకు లెక్కలు చెప్పినన్నాళ్లూ నమ్మినవాణ్ణి. ఆ నమ్మకంతోనే అరవదేశంలోని సింగానల్లూరులో ఒక వితంతువు అంగడిని దాదాపు మూయించాను.

మిల్లు గేటుకు ఎదురుగా ఉన్న మా వీధిలో ఆనాడు నాలుగే అంగళ్లు. టీ అంగడి మలయాళీది. పాత్రల అంగడి తమిళ ముస్లిం అయిన రావుత్తరుది. తమలపాకుల బంకు కన్నడం మాట్లాడే ముసలాయనది. పప్పులు, బెల్లం, చింతపండు దొరికే మళిగ అంగడి మాత్రం మా తెలుగువాళ్లది. ఏ అంగడికి వెళితే ఆ భాషలో బేరమాడి, ఇంటికి వచ్చి సొంత భాషలో తిట్టుకోవడం ఆ వీధి సంప్రదాయం.

మళిగ అంగడి యజమాని మిల్లులో నూలు వడికే ఖాతాలో పనిచేస్తూ చనిపోయాడు. ఆయన భార్య అంగడిని చేతిలోకి తీసుకుంది. ఆమె ఆడపిల్లలిద్దరూ నా బడిలోనే చదివేవారు. మదురై అవతల కంబంలో ద్రాక్ష తోట ఉన్న ఆమె అన్నకు ఈ ఏర్పాటు నచ్చలేదు. తమిళుల ఆడి మాసంలో మొదటి ఆదివారం వస్తాననీ, అప్పటికి అంగడిలో జనం కనబడకపోతే తాళం వేసి ముగ్గురినీ తోటకు తీసుకుపోతాననీ కబురు పంపాడు. తోటకు వెళితే ఆ పిల్లల చదువు అక్కడితో సరి. పెద్దపిల్ల లెక్కల్లో చురుకైనది. అందువల్ల ఈ విషయంలో నాకూ కొంత పట్టుదల కలిగింది.

పాత కొలతలైన పడి, వీశ పోయి కిలో వచ్చిన రోజులవి. బడిపంతుల్ని, ఆ వీధి మాటలో వాద్యారును గనుక, కొత్త తూకపురాళ్లు అలవాటు చేయమని ఆమె నన్ను కోరింది. సాయంకాలం బడి ముగించుకుని వెళ్లి, అంగడిలో స్టూలు మీద కూర్చునేవాణ్ణి. మొదటి రోజే ఒక దారుణం చూశాను. త్రాసు ముల్లు నిటారుగా నిలిచిన తరువాత ఆమె చెయ్యి తనంతట తానే డబ్బాలోకి పోయి, మరో పిడికెడు పప్పు తీసి పొట్లంలో వేసింది.

"ముల్లు సరిగ్గా నిలిచింది కదమ్మా. మళ్లీ ఎందుకు వేశావు?"

"అది కొసరు, వాద్యారయ్యా."

"కొసరుకు లెక్క ఏది?"

"లెక్క ఉంటే అది కొసరు ఎట్ల అవుతాది?"

సమాధానం నాకు రుచించలేదు. ఇలా పిడికెళ్లు పంచితే ఆడి మాసం వచ్చేసరికి డబ్బాలు ఖాళీ అవుతాయని వివరించాను. మరునాడే ఒక పలక సిద్ధమైంది. "తూకం సరిగా ఉండును. కొసరు ఉండదు" అని తెలుగులో, తమిళంలో నేను రాశాను. మలయాళం వరుస టీ అంగడి ఆయన రాసిపెట్టాడు. మూడు వరుసలూ సమానమైన పొడవులో వచ్చేలా శ్రద్ధ తీసుకున్నాను.

మా వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లే గాని చదవగలవాళ్లు అరుదు అన్న సంగతి నాకు తెలియనిది కాదు. దాని పర్యవసానం మాత్రం ఊహించలేదు. మిల్లులో పనిచేసే మా తెలుగావిడ ఒకతె పలక ముందు నిలబడి తమిళ వరుస చదివింది.

"అరవంలో లేదని రాసినారు, సరి. మన తెలుగులో ఏమని రాసిండారు?"

"అదేనమ్మా."

"అదే అయితే మూడు తూర్లు రాసేదెందుకు? ఎవురికో ఇస్తారని రాసినారు."

అదే సమయానికి పక్కన ఉన్న తమిళావిడ, తెలుగు వరుసలో తెలుగువాళ్లకు మాత్రం కొసరు ఉంటుందని రాసుకున్నారని నిర్ధారణకు వచ్చింది. ఇద్దరూ కలిసి మలయాళం వరుసను అనుమానించారు. నేను టీ అంగడి ఆయన్ను పిలిపించి, ఆ వరుసను అందరి ముందూ చదివించాను. కొసరు ఉండదనే ఉందని ఆయన సాక్ష్యం చెప్పాడు.

"నీకు కొసరుకు ఏలక్కాయలు దొరుకుతా ఉండాయి. నువ్వు అట్లనే చెప్తావు" అన్నది ఆ తెలుగావిడ. ఆయన నొచ్చుకుని, మరునాటినుంచి ఏలక్కాయలు వేరేచోట కొన్నాడు. వారం తిరగకముందే మిగిలినవాళ్లూ బస్సు స్టాపు దగ్గరి అంగడికి మళ్లారు.

తప్పును సవరించుకోవడం ఉపాధ్యాయుడి ధర్మం. కొసరును నిషేధించడం కంటే నియమబద్ధం చేయడం మేలని తోచింది. ప్రతి కొనుగోలుకూ ఒక కరివేపాకు రెమ్మ, రెండు పచ్చిమిరపకాయలు అని కొత్త పలక రాశాను. మూడు రోజులు సవ్యంగా జరిగింది. నాలుగో రోజు ఆ తెలుగావిడే రెమ్మనూ మిరపకాయలనూ సంచిలో వేసుకుని, కదలకుండా నిలబడింది.

"ఇది పలకలో ఉండేది. నాకు రావాల్సిందే. కొసరు ఏది?"

"అదే కొసరు."

"నెలాఖరులో మీకు జీతం ఇస్తే, హెడ్మాస్టరు ఇనాం ఇచ్చినాడని చెప్పుకుంటారా మీరు?"

ఇటువంటి తర్కానికి జవాబు పాఠ్యపుస్తకాల్లో లేదు. మళ్లీ అంగడి బోసిపోయింది.

అప్పుడు అంగడి యజమానురాలు మొదటి పలకనే తిరిగి తగిలించమంది. నన్ను రోజూ వచ్చి స్టూలు మీద కూర్చోమనీ, కొసరు అడిగినవాళ్లను గట్టిగా కసరమనీ వేడుకుంది. నేను రెండు వారాలు కసిరాను. ఆశ్చర్యకరంగా జనం పెరిగారు. టీ అంగడి ఆయన కూడా తిరిగి వచ్చాడు. అందరూ నావైపు వినయంగా చూసి, చిరునవ్వుతో వెళుతున్నారు. క్రమశిక్షణ చివరికి గెలుస్తుందని మదురైలో ఉన్న మా బంధువుకు ఉత్తరం కూడా రాశాను.

ఒక సాయంత్రం రావుత్తరు అంగడిలో కొన్న కొత్త ఇత్తడి బిందెను ఎవరో నా ముందు పెట్టి పప్పు అడిగారు. నేను ఎప్పటిలాగే కళ్లద్దాలు తుడుచుకోవడానికి బిందె వైపు తిరిగాను. బిందె మెరుపులో యజమానురాలి చెయ్యి కనబడింది. నాలుగు వేయించిన శనగపప్పులు గాలిలో ఎగిరి కొనేవాళ్ల కొంగులో పడ్డాయి.

జనం వెళ్లాక నిలదీశాను. ఆమె తడబడలేదు.

"ముందు పిడికెడు ఇస్తే కూడా మొగం ముడుచుకుంటా పోయేవాళ్లు. ఇప్పుడు మీకు తెలీకుండా నాలుగు గింజలు వేస్తే నవ్వుకుంటా పోతారు, వాద్యారయ్యా. డబ్బా కూడా తొందరగా ఖాళీ కాలేదు."

నేను గొడుగు తీసుకుని ఇంటికి వచ్చేశాను. మూడు రోజులు ఆ వైపు వెళ్లలేదు. నాలుగో రోజు శనివారం, ఆమె మా గడపలోకి వచ్చి నిలబడింది.

"మీరు లేకుండా పిడికెడు ఇచ్చినా తీసుకునేదానికి మనసు లేదు వాళ్లకు. వాద్యారు లేరా, అయితే ఇంగో రోజు వస్తామని పోతారు. రేపు మా అన్న వస్తా ఉండాడు. అంగట్లో ఈగలు చూపించేదా ఆయనకు?"

 తరగతిలో నల్లబల్ల మీద రాస్తున్నప్పుడు సైతం వెనుక ఎవరు అల్లరి చేస్తున్నారో కనిపెట్టినవాణ్ణి. తెలిసి తెలిసి తల తిప్పుకోవడం నా వృత్తికే అవమానం. అయినా పెద్దపిల్ల లెక్కల పుస్తకం కళ్లముందు మెదిలింది.

ఆదివారం ఉదయమే స్టూలు మీద కూర్చున్నాను. కంబం నుంచి వచ్చిన అన్న బియ్యం మూటకు ఆనుకుని అన్నీ గమనిస్తున్నాడు. వాద్యారు వచ్చాడన్న వార్త వీధంతా పాకింది. జనం విరగబడ్డారు. ముల్లు నిలిచినప్పుడల్లా నేను కసిరి, ఎదురుగా టీ అంగడిలో వేలాడే గడియారం వైపు తల తిప్పి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ ఇటు తిరగాలి. ఆ గడియారం ఎన్నాళ్లుగానో ఆగిపోయి ఉంది.

మధ్యాహ్నానికి అన్నకు సందేహం కలిగింది. "ఏం పాపా, నిలిచిపోయిన గడియారాన్ని వాద్యారు అన్ని తూర్లు చూసేదెందుకు?"

"ఆయనకు టైము మీద శ్రద్ధ ఎక్కువ అన్నా" అన్నది ఆమె, త్రాసు దించకుండానే.

సాయంకాలం బస్సు వేళకు అతను లేచాడు. దారిలో తినడానికి వేరుశనక్కాయలు కావాలన్నాడు. చెల్లెలు తూచింది. పరచిన తువ్వాలులో పోసింది. అతను తువ్వాలు ముడి వేయలేదు. చెల్లెలి వైపు చూడలేదు. నా ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు.

నేను గడియారం వైపు తిరిగాను. పది లెక్కపెట్టాను. అతను నెమ్మది మనిషని తోచి, ఇంకో అయిదు కూడా లెక్కపెట్టాను.

ఇటు తిరిగేసరికి ముడి బిగించి ఉంది. అతని దవడ ఒకవైపు బెల్లం ముక్కతో ఉబ్బి ఉంది.

"పిల్లల్ని బాగా చదివించు, పాపా" అన్నాడు, మాట సరిగా పెగలకుండా. "నేను పోయొస్తా."