పంతులమ్మ అయిన నా యారాలు

నా యారాలు, మా మరిది భార్య రాజేశ్వరి కన్నుమూసిందన్న వార్త పొద్దున ఆరింటికి మరిది నోటనే విన్నాను. గుండె ఆగిపోయిందన్నాడు. నాకన్నా పదమూడేళ్లు చిన్నది. చేతిలో చాయ కప్పు కింద పెట్టడం కూడా మరిచి అట్లే నిలబడిపోయాను. దుఃఖం తరువాత వచ్చింది. ముందు వచ్చింది అసూయ. ఇందులో కూడా నన్ను దాటి పోయిందే అనుకున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఉన్నది ఉన్నట్టు రాయడమే తెలుసు.

వేములవాడ పక్కన మా ఊళ్లో ఆడవాళ్లందరం బీడీలు చుట్టి బతికినవాళ్లమే. ఒక ఎండాకాలం మహిళా సంఘం గదిలో వయోజనులకు చదువు మొదలైంది. పట్నం నుంచి ఒక యువకుడు వచ్చి చిన్నపిల్లలకు చెప్పినట్టే అఆలు వల్లె వేయించాడు. పలకలేదని మల్లవ్వను నిలబడమన్నాడు. ఆమెకు అప్పటికే నలుగురు మనవలు.

"బిడ్డా, నిలబడితే నా మోకాళ్లే నీకు పాఠం జెప్తయి, జర ఆగు" అని మల్లవ్వ బీడీల చాట చంకన పెట్టుకొని వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి గది ఖాళీ. అతనూ రావడం మానేశాడు.

అప్పుడు ఆ పని రాజేశ్వరి ఎత్తుకుంది. పదో తరగతి చదివి మా ఇంటికి కోడలై వచ్చింది. బోధనలో శిక్షణ ఏమీ లేదు, మనుషులను చూసే చూపు ఉంది. మొదటి రోజు పుస్తకం తెరవలేదు. "మీకేం సదువాలని ఉన్నదో జెప్పుండ్రి" అని ఒక్కొక్కరినే అడిగింది. బస్సు మీది బోర్డు చదవాలని ఒకరన్నారు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకొని నిలబడి, తలకిందులుగా పట్టుకున్నానేమోనని భయపడకుండా ఉండాలని మార్తమ్మ అంది. మార్తమ్మకు పాటలోని అక్షరాలతో, బస్సు అడిగినామెకు వేములవాడ అన్న పేరుతోనే పాఠం మొదలైంది.

పని ఆపి చదవమంటే ఎవరూ రారని ఆమెకు తెలుసు. అందుకే దూరానికి కనబడేటంత పెద్దగా బోర్డు మీద రాసేది. చేతులు బీడీ చుడుతుంటే కళ్లు చదివేవి. రాయడానికి పలక ఇవ్వలేదు. ఒళ్లోని చాటలో తంబాకు పొడి పలుచగా పరిచి, వేలితో రాయమంది. తప్పు పోతే చాట ఒకసారి ఊపితే చాలు. పక్కనున్నామె చూసి నవ్వే లోపలే ఆ తప్పు మాయమయ్యేది. "పెద్దోళ్ల తప్పు మనం దిద్దొద్దు, వాళ్లు దిద్దుకునే జాగ ఇడువాలె" అనేది. ముప్పై మంది ఆడవాళ్లు ఆమె దగ్గర అక్షరాస్యులయ్యారు.

నేను ఆ ముప్పై మందిలో లేను. ఇంటికి పెద్దకోడలిని. చిన్నకోడలి ముందు చాప మీద కూర్చొని చదువుకుంటే నా పెద్దరికం ఏం కావాలి? కాని ఇంట్లోనూ ఉండలేకపోయాను. గదిలో నవ్వులు వినబడితే కడుపులో మండేది. వరుసకు చెల్లెలైన నా యారాలు నాకు తప్ప ఊరందరికీ సొంతమైపోయిందనిపించేది. లోపల ఉక్కగా ఉందని వంక చెప్పి గడప బయట అరుగు మీద చాట పెట్టుకొని కూర్చునేదాన్ని, లోపలికి వీపు పెట్టి.

నాలుగు రోజులు గడిచాక బోర్డు గోడ మీది నుంచి దిగి, కిటికీ పక్కన కుర్చీ మీదికి వచ్చింది. లోపలివాళ్లు పక్కకు తిరిగి చూడాలి. అరుగు మీద ఉన్నవాళ్లు కొంచెం మెడ తిప్పితే చాలు.

"మెడలు వంకరబోతున్నయే పంతులమ్మా" అంది మల్లవ్వ.

"గోడకు చెమ్మ పట్టింది పెద్దమ్మా, బోర్డు నిలుస్తలేదు" అంది రాజేశ్వరి.

ఆ ఎండల్లో గోడకు చెమ్మ ఎక్కడిది? నా మీద జాలి పడిందని కోపం వచ్చింది. మూడు రోజులు అటు పోలేదు. నాలుగో రోజు పోయాను. వేలితో తంబాకులో నా పేరు మొదటిసారి రాసుకున్నది ఆ అరుగు మీదే. ఎవరూ చూడకముందే చాట ఊపేశాను.

తరువాత బస్సు బోర్డు నాకు నేనే చదివి ఎక్కాను. పక్కనే ఉన్న రాజేశ్వరి చూసి కూడా ఏమీ అనలేదు. మార్తమ్మ చదివితే ఊరంతా చాటి చెప్పింది. నా గురించి ఒక్క మాట లేదు. ఆ కడుపుమంట ఏళ్లతరబడి మోసి, పోయిన ఏడాది అడిగేశాను.

"నీ హాజరు పట్టీల అందరి పేర్లున్నయి. నా పేరెందుకు లేదే?"

"నువ్వు లోపటికి రాలే గదక్కా."

"పిలిస్తివా?"

"పిలిస్తే నువ్వు రాకపోదువు. రాలేదని నలుగురికి తెలుస్తుండె. పిలువకుంటనే గద రోజు వస్తివి."

కూర మాడుతోందని లేచి వచ్చాను.

ఆమె పార్థివదేహం వాకిట్లో ఉన్న రోజు ఆ ముప్పై మందిలో మిగిలినవాళ్లంతా వచ్చారు. వరుసగా కాళ్లు మొక్కారు. మార్తమ్మ పాట చదివింది, పుస్తకం చూసి. నేను కూడా వంగాను. మా మేనత్త రెక్క పట్టి వెనక్కు లాగింది.

"పెద్దదానివి, చిన్నదాని కాళ్లు మొక్కుతవా? సచ్చినదానికి పాపం తగిలిస్తవా?"

ఆగిపోయాను. మొక్కి పక్కకు జరిగిన ప్రతి ఆడదాన్ని చూసి కుళ్లుకున్నాను. వాళ్లు బాజాప్తా, పట్టీలో పేరున్న ఆమె శిష్యులు. నేను ఆ ఇంటి పెద్దకోడలిని, అంతే.

పట్నాలలో పెద్ద పెద్ద చదువుల పంతుళ్లకు బోధన గురించి చాలా తెలిసి ఉండవచ్చు. రానని మొండికేసినదాన్ని పిలవకుండా చదివించిన పంతులమ్మను మాత్రం నేను ఇంకొకరిని చూడలేదు. ఆ గది ఇప్పుడు మూసి ఉంది. నన్ను నడపమని అడుగుతున్నారు. నాకు అక్షరాలు వచ్చు, ఆ ఓపిక రాదు.

అక్క చెల్లెలి కాళ్లు మొక్కరాదు, ఒప్పుకుంటాను. శిష్యురాలు గురువు కాళ్లు మొక్కకుండా ఉండరాదు. అంత మందిలో ఈ మాట అనే ధైర్యం ఆనాడు నాకు చాలలేదు. ఇప్పుడు అంటున్నాను. రాజేశ్వరి నా గురువు. ఈ వ్యాసమే ఆమె కాళ్లకు నా మొక్కు. అక్షరం అక్షరం నేనే రాశాను, ఎవరికీ చూపలేదు. ఇందులో తప్పులు ఉండే ఉంటాయి. చూసి, చూడనట్టు ఊరుకునే మనిషి మాత్రం ఇక లేదు.